వర్తకుని చిట్టాలో మూగజీవులు

క్రీ. శ. 1623వ సంవత్సరమున పియెత్రో దెల్లా వల్లే అను రోము నగరవాసి ఘూర్జరదేశమందలి ఖంబాతు రేవుపట్టణమునకు వచ్చినప్పుడు, అచ్చటి వర్తకులు పక్షుల కొఱకు నడుపుచుండిన చికిత్సాలయమును చూడబోయి, గాయపడిన పావురములను, కోళ్ళను, నెమళ్ళను చూచుచు ముందునకు సాగి, ముక్కుపై కండ్లద్దములు నిలుపుకొన్న తెల్లగడ్డపు వృద్ధుడొకడు, దూది పఱచిన పెట్టెలో తల్లిలేని ఎలుకపిల్లల నుంచుకొని, పక్షియీకతో వాని నోటికి పాలచుక్కల నందించుచుండుట చూచెను. ఎలుక పిల్లలు! ఇంట కనబడిన వెంటనే మన మందఱము చీపురుకట్ట వెదకుకొను జీవులకు అచ్చట ఒక దాదిని నియమించియుండిరి. బాగుపడిన అడవిపక్షులను స్వేచ్ఛగా విడుతురనియు, పెంపుడుపక్షులనైనచో తమ యింట ఉంచుకొని సాకగల పుణ్యాత్ముల కప్పగింతురనియు అతడు వ్రాసియున్నాడు. పశువుల కొఱకు నిర్మించిన వేఱొక ఆవరణమున అతనికి మఱియొక వింత కనబడినది. దొంగతనమున పట్టుబడి రెండు చేతులును నఱకబడిన మహమ్మదీయుడొకడు, ఇక బ్రతుకుదెరువు లేనివాడగుటచే, బనియాలనబడు ఆ వర్తకుల దయవలన ఆ మూగజీవుల నడుమనే ఏ కొఱతయు లేక పోషింపబడుచుండెను. శిక్ష విధించిన ప్రభుత్వమునకు పట్టని ఆ దీనుడు గొడ్లసావిడి నడుపువారికి పట్టెను.

ఇంచుమించు నలువదియేండ్లకు ముందు ఆంగ్ల వర్తకుడు రాల్ఫ్ ఫిచ్ సైతము ఈ ఖంబాతుననే కుంటి కుక్కలకును పిల్లులకును, పక్షులకును ఆశ్రయములుండుటను పేర్కొనెను. 1690లో సూరతునకు వచ్చిన ఓవింగ్టన్ అను క్రైస్తవ మతాచార్యుడు ఆవులు, గుఱ్ఱములు, మేకలు, కుక్కలు ఉన్న సావిడిని వర్ణించి ఊరకుండక, నల్లులకును అట్టి నెత్తురు పీల్చు ఇతర పురుగులకును అచ్చట వేఱుగ ఒక గది కలదనియు, వాని ఆహారము కొఱకు ఒక పేదవానికి కూలి యిచ్చి రాత్రి యంతయు ఆ గదిలో పరుండబెట్టుదురనియు వ్రాసెను. ఈ కథను చదివి ఐరోపావాసులు తనివితీర నవ్విరి. అయినను ఆ నవ్విన వారి గ్రంథములే నేడు మనకు ఆధారములైనవి. ఆ సావిళ్ళను నడపిన వర్తకులు చిట్టా ఆవర్జాలు వ్రాసికొనిరే కాని, తాము చేయుచున్నది చరిత్రకెక్కదగిన పనియని తలచి ఒక్క పుటయైనను వ్రాసినవారు కారు. 1772లో సూరతు సావిడి యందుండిన జీవముల జాబితాలో గుఱ్ఱములు, కంచరగాడిదలు, ఎడ్లు, కోతులు, పావురములతో పాటు డెబ్బదియైదు సంవత్సరములుగ అందే జీవించుచున్నదని ప్రసిద్ధికెక్కిన ముసలితాబేలు ఒకటి కనబడుచున్నది. అనగా ఓవింగ్టన్ వచ్చి వెళ్ళిన పిమ్మట కొలదికాలమునకే అది అచ్చట ప్రవేశించి, మొగలుల వైభవము క్షీణించుటను, మరాఠాల దాడులను, కుంపిణీవారు సూరతు కోటను హస్తగతము చేసికొనుటను ఆకుకూరలు నమలుచు దాటినదన్నమాట.

ఈ ఆశ్రయములకు ఘూర్జరదేశమున పాంజరాపోలులని పేరు. వీని మూలమును వెదకబోయిన చరిత్రకారులు సాధారణముగ అశోకుని వద్దకు పోవుదురు. మన కర్నూలు జిల్లాలో పత్తికొండ సమీపమున నున్న ఎఱ్ఱగుడి బండలపై, 1929లో ఒక భూగర్భశాస్త్రజ్ఞుని కంటబడిన ధర్మలిపులలో రెండవదానియందు, తన రాజ్యమునను, చోళ పాండ్యాది పొరుగుదేశములలోను, యవనరాజైన అంతియోకుని సీమలోను మనుష్యులకును పశువులకును చికిత్స ఏర్పఱచితినని, మూలికలు లేనిచోట్ల తెప్పించి నాటించితినని ఆ చక్రవర్తి చెప్పుకొనియున్నాడు. ఆ శాసనమున చికిత్స యున్నది, ఓషధులున్నవి, బాటల వెంబడి చెట్లును బావులును ఉన్నవి. పశువులను చేర్చుకొను గృహము మాత్రము లేదు. కావున పాంజరాపోలు అశోకుడు స్థాపించినదని నిర్ధారణ చేసి పలుకుట సాహసమే యగును. అయిదవ స్తంభశాసనము నందలి ఒక చిన్న నిషేధము నాకు ఇంతకంటె దగ్గఱి చుట్టముగ తోచుచున్నది. పాలిచ్చు మేకలను, గొఱ్ఱెలను, పందులను చంపరాదను విధులతో పాటు, ప్రాణులున్న ఊకను కాల్పరాదని అందు కలదు. ఊకలోని పురుగును గూర్చి చింతించిన ప్రభువునకును, నల్లులకు గది కట్టించిన సూరతు బనియాకును నడుమ రెండువేల యేండ్ల అంతరమున్నను, తలపోతలో అంతరము లేదు.

ఆ నడిమి కాలమున ఈ తలపోతను కాపాడినవారు జైనులు. పండ్రెండవ శతాబ్దమున హేమచంద్రాచార్యుని ప్రబోధముచే ఘూర్జర ప్రభువైన కుమారపాలుడు తన రాజ్యమున జంతువధను నిషేధించెను. 1583లో ఫతేపుర్ సిక్రీకి పాదచారియై వచ్చిన హీరవిజయసూరి, పర్యుషణ పర్వదినములలో వధశాలలు మూయుటకు అక్బరు పాదుషా వలన ఫర్మానా పొందెను. కాని రాజాజ్ఞ రాజుతోనే పోవును. ఫర్మానాలు మాసిపోయిన తరువాత గూడ పాంజరాపోలు నిలిచియుండుటకు కారణము వేఱొకచోట, అంగడివీథిలో, ఉన్నది.

గుజరాతు పట్టణములలో ఒక్కొక్క సరకునకును ఒక్కొక్క వర్తకశ్రేణి యుండెడిది. ఆ శ్రేణికి మహాజనమని పేరు. పత్తి బేలు చేతులు మాఱినను, ధాన్యపు బస్తా తూకమునకెక్కినను, హుండీ చెల్లినను అందుండి స్వల్పమైన భాగము ధర్మము క్రింద తీసి వేఱుగ జమకట్టు ఆచారమును ఆ మహాజనము విధించెను. దీనిని లాగా అనిరి. ఇది ఒకని దాతృత్వముపైనగాని, ఒకనాటి ఉత్సాహముపైనగాని ఆధారపడిన దానము కాదు. బేరము జరిగినంతకాలము జరుగునట్టిది. ఎగవేసినవానిని మహాజనము వెలివేయగలదు గనుక ఎగవేయువారును అరుదు. ఈ పైకముతో గడ్డిభూములు కొనిరి, కాపరులకు జీతములిచ్చిరి, గ్రుడ్డి ఎద్దునకును కుంటి గుఱ్ఱమునకును మేత వేసిరి. అహమదాబాదు మున్నగు చోట్ల పాంజరాపోలునందు జీవాత్‌ఖానా అను గది యొకటి కలదు. ధాన్యపు కొట్లలో ఊడ్చిన చెత్తను, అందు పురుగులుండును గనుక, వీథిలో పాఱబోయక తెచ్చి ఆ గదిలో పోయుదురు. ఓవింగ్టన్ చెప్పిన నల్లులగది ఈ జీవాత్‌ఖానాయే కావచ్చునని నా ఊహ. పురుగులకు కూలివానిని మేపిన కథ నిజమో కాదో గాని, గింజలోని పురుగును గూర్చి బాధ్యత గింజలమ్మినవానిదే యనుట మాత్రము వట్టి వేడుక కాదు. ఎవడు ఏ సరకువలన బాగుపడెనో వాడు ఆ సరకు త్రోవలో నలిగిన జీవమునకు ఋణపడియున్నాడన్న లెక్క అందున్నది.

ఈ లెక్క బొంబాయికి చేరిన వృత్తాంతము కొంత విస్తరించి చెప్పదగినది. ఆ ద్వీపనగరమున వీథికుక్కల బెడద ఎక్కువగుటచే, వేసవి దినములలో వానిని చంపుటకు 1813 నుండి కుంపిణీవారు ఉత్తరువు చేసియుండిరి. 1832లో ఆ గడువును పొడిగించిరి. కుక్కకు ఎనిమిది అణాల చొప్పున బహుమానమును ఆశించిన కానిస్టేబుళ్ళు, యజమానులున్న కుక్కలను సైతము గడపలు దాటివచ్చి కొట్టజొచ్చిరి. పారసీకులకు కుక్క సామాన్య జంతువు కాదు. మృతదేహమును కుక్కచే చూపించు సగ్‌దీద్ అను కర్మ వారి అంత్యక్రియలయందు ఆవశ్యకమైనది. జూన్ 6వ తేదీన కోటలో కుక్కల వేటకు వెడలిన ఇద్దఱు తెల్ల కానిస్టేబుళ్ళపై పారసీకులును హిందువులును గుంపుగా విఱుచుకొనిపడిరి. మఱునాడు అంగళ్ళు మూతపడెను. గుంపులు వీథులలో నిలిచి, కొలాబాలోని సైనికులకు పోవు ఆహారపదార్థములను, నీటిని అడ్డగించిరి. పెద్దమనుష్యుల బండ్లపై చెత్త విసరిరి. తుదకు సైన్యము వచ్చి, నాయకులనుకొన్నవారిని నిర్బంధించిన పిదపగాని పట్టణము చల్లబడలేదు. తెల్లవారి కొలువునకు నీళ్ళును రొట్టెయు అందకుండ జేసిన ఆ హర్తాళము, పన్నుల కొఱకో పదవుల కొఱకో గాక, కుక్కల కొఱకు జరిగినదన్న విషయమును మన స్వాతంత్ర్య చరిత్రకారులు అంతగా పట్టించుకొనలేదు.

పెద్దవర్తకులు అల్లరిని మెచ్చలేదు. వారిలో అగ్రగణ్యుడు జంషెడ్జీ జీజీభాయి. 1783లో జన్మించి, బాల్యముననే తలిదండ్రులను కోల్పోయి, పాతసీసాల వ్యాపారముతో మొదలిడి బాటలీవాలా అనిపించుకొని, చీనాదేశమునకు పలుమాఱులు ఓడయాత్ర చేసి కోటికి పడగెత్తిన వాడతడు. ఈ వర్తకులు ప్రభుత్వమునకు విన్నపములు పంపి, కుక్కలను చంపుటకు మాఱుగ పట్టణము వెలుపలకు తరలింప ననుమతి సంపాదించిరి. తరలించిన కుక్కలను ఎచ్చట నుంచుట, ఎవరు పోషించుట అను ప్రశ్నకు ఉత్తరముగ, 1834 అక్టోబరు 18వ తేదీన జంషెడ్జీయు, అతని వ్యాపార సహచరుడైన జైనశ్రేష్ఠి మోతీషా యను మోతీచంద్ అమీచందును మున్నగువారు పూనుకొని, భూలేశ్వరమున బొంబాయి పాంజరాపోలును నెలకొల్పిరి. సూరతు, ఖంబాతు పట్టణముల పద్ధతినే ఇచ్చటను అవలంబించి, పత్తి, నల్లమందు, చక్కెర మున్నగు సరకుల బేరములపై లాగా విధించిరి. కుక్కలకై పుట్టిన ఆశ్రయమునకు కొలదికాలముననే ఆవులు, ఎడ్లు, గుఱ్ఱములు వచ్చి చేరెను. నగరమున చోటు చాలక పోగా కల్యాణ్, భివండీ ప్రాంతములలో శాఖలు వెలసెను.

నల్లమందు అను మాటవద్ద పాఠకుడు ఒక్క క్షణము ఆగియుండును, ఆగవలసినదే. ఈ శ్రేష్ఠులిద్దఱి ఐశ్వర్యములో అధికభాగము చీనా ప్రజలకు నల్లమందు చేరవేయుటవలన కలిగినది. నల్లిని చంపుటకు జంకిన చేతులు పెట్టెల కొలది మత్తును ఓడలకెక్కించినవి. జంషెడ్జీకి 1842లో సర్ బిరుదమును, 1857లో బారొనెట్ పదవియు లభించెను. 1836లో గతించిన మోతీషా పేర పాలిటాణా శత్రుంజయగిరిపై ఆలయసముదాయము వెలసెను. కుంటి ఎద్దు తినిన గడ్డి చీనా రేవైన కాంటనులో పొగయై పోయిన వెండితో కొన్నదని తెలిసినపుడు ఆ గడ్డిని నిందింపలేము. అమ్మకపు చిట్టాయందే దయను ఒక పద్దుగా వ్రాసిన ఏర్పాటు, అమ్మెడి సరకును గూర్చి మాత్రము ఒక్క ప్రశ్నయైన వేయలేదని గుర్తింపవలసియున్నది. వ్యవస్థయొక్క బలమెచ్చట నున్నదో దాని గ్రుడ్డితనమును అచ్చటనే యున్నది.

ఇంతలో ఇంగ్లండునందు ఈ భావము వేఱుదారిని నడచెను. అచ్చట 1824లో స్థాపింపబడిన సంఘము జంతుహింసకులను న్యాయస్థానమునకెక్కించుటయే ప్రధానముగ పెట్టుకొనినది. వీథికుక్కలకు ఆశ్రయము మేరీ టీల్బీ అను వనిత పూనికతో 1860లో లండనున ఏర్పడి, 1871లో బాటర్సీకి మాఱినది. కలకత్తాలో కోల్స్‌వర్దీ గ్రాంట్ అను చిత్రకారుడు 1861లో స్థాపించిన సంఘము లండను మార్గమునే అనుసరించి, బండి ఎడ్లను, గుఱ్ఱములను హింసించువారిపై అభియోగములు తెచ్చినది. 1890లో వచ్చిన జంతుహింసా నివారణ చట్టము ఈ త్రోవలోనిదే. శిక్షించుట ఒక దారి, చేర్చుకొనుట వేఱొక దారి. బొంబాయి వణిజులకు ఎద్దును కొట్టినవానితో పనిలేదు, దెబ్బతిన్న ఎద్దుతోనే పని.

మన తెలుగుసీమలో ఈ రెండు దారులును ఆలస్యముగనే పడినవి. మనకు పశువులదొడ్డి యన్నచో జ్ఞప్తికి వచ్చునది బందెలదొడ్డి. 1871 నాటి చట్టము ననుసరించి, చేలలో పడిన గొడ్డును తోలుకొనిపోయి అందు కట్టివేయుదురు. యజమాని వచ్చి జరిమానా చెల్లించి విడిపించుకొనవలెను, రాకున్నచో వేలము వేయుదురు. అది చెఱసాల, ఆశ్రయము కాదు. మఱి ఎవరికిని చెందని జంతువును ఊరెల్ల కలసి పోషించు ఆచారము మనకు లేకపోలేదు. గతించినవారి పేర వృషోత్సర్గము చేసి, అచ్చు వేసి విడిచిన ఆంబోతు ఏ చేనిలో మేసినను అదిలింపవలసినదే గాని దండింపరాదు. ఊరి ఆవులమందకు అదియే విత్తనపు గిత్త. సింహాచలమున అప్పన్నకు ఉత్తరాంధ్ర రైతులు కోడెదూడలను సమర్పింతురు. వేములవాడ రాజన్నకు కోడెమ్రొక్కు నేటికిని నిత్యకృత్యము. కాని ఈ మ్రొక్కులలో దూడను ఇచ్చువాడే గాని దానితోపాటు గడ్డికి ఏటేట ఇంతయని వ్రాసియిచ్చువాడు కానరాడు. తత్ఫలితముగ దేవస్థానముల సావిళ్ళు క్రిక్కిఱిసి, కోడెలను మరల రైతులకే అప్పగింపవలసి వచ్చుచున్నది. కాపు యింట ముసలియెద్దు పెరటిలోనే చచ్చువఱకు పడియుండిన దినములలో మనకు పాంజరాపోలు అవసరము తోచలేదని నేననుకొందును. ఆ పెరడు పోయినది, ఎద్దు సంతకు పోయినది.

పాంజరాపోలుపై అత్యంత కఠినమైన విమర్శ శత్రువుల నుండి కాక, ఆ ఘూర్జరదేశమున పుట్టి ఆ అహింసాధర్మములోనే పెరిగిన మహాత్ముని నుండి వచ్చెను. 1926లో అహమదాబాదున మిల్లు యజమాని యొకడు తన ఆవరణములో తిరుగుచుండిన అఱువది కుక్కలను చంపించెను. నగరమున గొప్ప కలవరము పుట్టినది. గాంధీజీ ఆ యజమానిని సమర్థించి, వరుసగా వ్యాసములు వ్రాసెను. యజమాని లేని కుక్క వీథిలో తిరుగుట సమాజమునకే సిగ్గుచేటనియు, దానికి రొట్టెముక్క విసరి పుణ్యము కట్టుకొంటినని తృప్తిపడుట దయ కాదనియు, దయగలవాడు దానిని ఇంట కట్టుకొని పోషింపవలెను లేదా పోషించు సంస్థకు ధనమీయవలెననియు ఆయన వాదము. రెండేండ్లకు, 1928లో, సబర్మతీ ఆశ్రమమున నయముకాని బాధతో కొట్టుకొనుచున్న దూడను వైద్యునిచే సూదిమందు వేయించి చంపించినపుడు, ఆగ్రహించి ఆయనకు ఉత్తరములు వ్రాసినవారు లెక్కకు మిక్కిలి. పాంజరాపోలులను మూసివేయుమని ఆయన అనలేదు. అందు శాస్త్రీయమైన పాడిపరిశ్రమ నడపుడు, చచ్చిన పశువుల తోళ్ళు ఊనుడు, వచ్చిన ఆదాయముతో వట్టిపోయినవానిని పోషింపుడు అనెను. తోలు మాట విని చెవులు మూసికొన్న శ్రేష్ఠులు చాలమంది. నా మట్టుకు నాకు గాంధీజీ పక్షమే సబబుగ తోచుచున్నది: జంతువును చేర్చుకొనుటతో పని తీఱినదని భావించిన సావిళ్ళు పలుచోట్ల చావిళ్ళుగ మాఱినవి, పశువైద్యుని అడుగుపడని ఆశ్రయమున ప్రాణము నిలిచినను బాధ నిలిచియే యుండును.

స్వాతంత్ర్యానంతరము రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో తెచ్చిన ప్రతిపాదన ఫలితముగ 1960లో క్రొత్త చట్టమును, 1962లో ఆమె అధ్యక్షతన జంతుసంక్షేమ మండలియు వచ్చెను. మదరాసున, వాననీటిలో కొట్టుకొనిపోవుచుండిన రెండు కుక్కపిల్లలను చేరదీసినది మొదలు ఆ కార్యముననే మునిగిన విమానచోదకుడు కెప్టెన్ వి. సుందరం 1964లో బ్లూ క్రాస్ సంస్థను నెలకొల్పెను. వీథికుక్కలను పట్టి చంపుటకు మాఱుగ, సంతతి కలుగకుండ శస్త్రచికిత్స చేసి, పిచ్చికుక్క వ్యాధికి టీకా వేసి, పట్టినచోటనే విడువవలెనని ఆ సంస్థ ఎడతెగక వాదించి, 1996 నాటికి నగరపాలకుల నొప్పించెను. 2001లో కేంద్రప్రభుత్వము దానినే నియమముగ చేసినది. హైదరాబాదున 1992లో అక్కినేని అమల పూనికతో బ్లూ క్రాస్, విశాఖపట్టణమున 1996లో జంతుహింసా నివారణ సంఘము బయలుదేఱి, తెలుగునాట ఈ పనికి మార్గము వేసినవి. ఇచ్చట రోగులు మాఱినవి: ముసలి ఎడ్లకు బదులు, మోజుతీఱిన గృహస్థులు గేటువద్ద కట్టి వెడలిపోయిన జాతికుక్కలు, అద్దెయిల్లు మాఱుచు విడిచిన పిల్లులు. బాగుపడినవానిని సాకగల వారికి దత్తతయిచ్చు పద్ధతి, ఖంబాతున 1623లో దెల్లా వల్లే వ్రాసినదే. ఢిల్లీలో ఎఱ్ఱకోట కెదురుగనున్న జైనమందిరపు పక్షివైద్యశాల మాత్రము పాత పట్టుదలను విడువక, గింజలు తిను పక్షులను లోపల నుంచి వైద్యము చేయుచు, మాంసాహారులైన డేగలను గ్రద్దలను ఏ పూట కాపూట చూచి పంపివేయుచున్నది. డేగకు మందిచ్చుటలో జైనునకు ఆక్షేపణ లేదు. అది పావురము సరసన మంచమెక్కుటయే చిక్కు.

2025 ఆగస్టులో, ఢిల్లీ వీథికుక్కల నన్నిటిని ఆశ్రయములకు తరలింపుడని సర్వోన్నత న్యాయస్థానపు ధర్మాసనమొకటి ఆదేశించినది. పదకొండు దినములలో విస్తృత ధర్మాసనము దానిని సవరించి, పిచ్చిపట్టినవియు కఱచు స్వభావము కలవియు తప్ప తక్కినవానిని చికిత్సానంతరము వాని తావులకే విడువుమనెను. ఈ వివాదమున ఉభయపక్షములును కరుణను గూర్చియు, కాటును గూర్చియు కావలసినంత పలికిరి. లక్షలాది కుక్కలకు కట్టు ఆశ్రయమునకు గంజి ఎవరు పోయుదురన్న ప్రశ్న మాత్రము చర్చలో వెనుకవరుసనే కూర్చున్నది. బొంబాయి వర్తకులు 1834లో మొదట తేల్చుకొనినది ఆ ప్రశ్ననే.

భూలేశ్వరపు పాంజరాపోలు నేటికిని అచ్చటనే, ముంబయి నడిబజారున, ఆవులతోను దూడలతోను నిండియున్నది. ఆ నగరమునకు పోవు తెలుగు పాఠకుడు దానిని తప్పక చూచి, ఒక కట్ట గడ్డి వెల యిచ్చి రావలెనని నా మనవి; మన ఊరిలోని ఆశ్రయపు గేటువద్ద కుక్కపిల్లను దింపిపోవు పెద్దమనుష్యుడు గూడ, దానితో పాటు ఒక యేటి గ్రాసమునకైన సొమ్ము చెల్లించి రసీదు పుచ్చుకొని వెళ్ళవలెను.